ప్లేటు సంప్రదాయం, సీసా సంప్రదాయం

డిగ్రీ ఫస్టియర్ మైక్రోబయాలజీ పుస్తకం ఏది తెరిచినా మొదటి యూనిట్‌లో పాశ్చర్, కోచ్‌ల జోడీ ఎదురవుతుంది. ఒకరిది ఫ్రాన్స్, మరొకరిది జర్మనీ. 1870 యుద్ధం మిగిల్చిన కసి ఇద్దరి మధ్యా ఉండనే ఉంది, ఆంత్రాక్స్ ఘనత ఎవరిదన్న తగువు సరేసరి. ఈ జోడీ గురించి చెప్పదగ్గదంతా ఎప్పుడో చెప్పేశారు. చదువుకునే పిల్లలకు ఇంతకన్నా పనికొచ్చే జోడీ ఆ ల్యాబ్‌లోనే ఉందని నాకనిపిస్తుంది. అది రెండు వస్తువుల జోడీ. ఒకటి ఆగర్ పోసిన పెట్రి ప్లేటు, రెండోది బురద నింపి కిటికీలో పెట్టిన గాజు సీసా. ప్లేటు బెర్లిన్‌లో రాబర్ట్ కోచ్ చేతుల మీదుగా వచ్చింది. సీసాకు ఒకే పుట్టిల్లు చెప్పలేం గానీ స్ట్రాస్‌బర్గ్, జూరిక్‌లలో సెర్గీ వినోగ్రాడ్‌స్కీ, హాలండ్‌లోని డెల్ఫ్ట్‌లో మార్టినస్ బైయెరింక్ దాన్ని పెంచి పెద్దచేశారు. మన కాలేజీల్లో మొదటిదాన్ని ప్రతి విద్యార్థీ చేత్తో ముట్టుకుంటాడు. రెండోదాన్ని ఐదు మార్కుల షార్ట్ నోట్స్‌గా రాస్తాడు.

ప్లేటు సంగతి పాఠకులకు కొత్త కాదు. అయినా స్ట్రీకింగ్‌ను ఒకసారి దగ్గర నిలబడి చూడాలి, ఈ సంప్రదాయం గుణమంతా ఆ రెండు నిమిషాల పనిలో తెలుస్తుంది. నిక్రోమ్ తీగ లూపును బర్నర్ మంటలో నిలువుగా పట్టి ఎర్రగా కాలుస్తారు. చల్లారే దాకా ఆగాలి, తొందరపడితే ఆగర్ చుయ్‌మంటుంది, లూపు మీది బాక్టీరియా అక్కడికక్కడే చస్తుంది. కల్చర్‌ను తాకించి, మూత ఓరగా ఎత్తిన ప్లేటులో ఓ మూల దగ్గరదగ్గరగా గీతలు లాగుతారు. మళ్లీ కాల్చి, ఆ గీతల కొసలను తాకుతూ రెండో మూలకు. మళ్లీ కాల్చి మూడోదానికి, ఆపైన నాలుగోదానికి. ప్రతి మలుపులోనూ సరుకు పలచబడుతూ పోయి, ఆఖరి గీతల్లో కణాలు విడివిడిగా పడతాయి. ప్లేటును బోర్లించి 37 డిగ్రీల దగ్గర ఉంచితే మర్నాటికి ఒంటరిగా పడ్డ కణం కోట్ల సంతానంతో కంటికి ఆనే చుక్కవుతుంది. అందులో ఉన్నదంతా ఒకే వంశం కాబట్టి దానికి పేరు పెట్టొచ్చు, గ్రామ్ స్టెయిన్ వేయొచ్చు, రకరకాల చక్కెరలు పెట్టి ఏది తింటుందో చూడొచ్చు, ఎలుకకు ఎక్కించి జబ్బు చేస్తుందో లేదో తేల్చొచ్చు.

ఈపాటి పనికి ఆ రోజుల్లో ఎన్ని తంటాలు పడ్డారో! కోచ్ మొదట ఉడికించిన బంగాళాదుంప ముక్కల మీద ప్రయత్నించాడు. తర్వాత జెలటిన్ పట్టుకున్నాడు. 1881లో లండన్‌లో జరిగిన అంతర్జాతీయ వైద్య మహాసభలో పాశ్చర్ చూస్తుండగా ఆ పద్ధతిని ప్రదర్శించాడు. కానీ ఒంటి వేడి దగ్గర జెలటిన్ కరిగి నీరవుతుంది, పైగా కొన్ని బాక్టీరియాలు దాన్నే తినేస్తాయి. దారి చూపించింది వాల్తర్ హెస్సె అనే వైద్యుడి భార్య ఫానీ. జావాలో ఉండి వచ్చిన డచ్చి పరిచయస్థుల దగ్గర ఆమె ఆగర్ వాడకం నేర్చుకుంది, ఇంట్లో జెల్లీలకు అదే వేసేది. ఆగర్ కరగాలంటే మరిగే వేడి కావాలి, మళ్లీ గడ్డకట్టాలంటే 40 డిగ్రీల దాపుకు దిగాలి. బాక్టీరియాలలో చాలా భాగం దాని జోలికి పోవు. కోచ్ 1882లో క్షయ మీద రాసినప్పుడు ఆగర్‌ను ప్రస్తావించాడు గానీ ఫానీ పేరెత్తలేదు. 1887లో మూతగల గిన్నెను తయారుచేసిన పెట్రి పేరు మాత్రం రోజూ ప్రపంచంలోని ప్రతి ల్యాబ్‌లోనూ వినిపిస్తుంది. ఎవరి పేరు నిలుస్తుందన్న విషయంలో సైన్సుకూ మిగతా లోకానికీ తేడా ఏమీ లేదు.

ఇక సీసా. చెరువు బురద తెచ్చి, అందులో చింపిన న్యూస్‌పేపర్ ముక్కలు, కోడిగుడ్డు పచ్చసొన, కాస్త సుద్దపొడి కలుపుతారు. కాగితం సెల్యులోజ్ కోసం, సొన గంధకం కోసం, సుద్ద కార్బొనేట్ కోసం. పొడుగాటి గాజు జాడీలో మూడొంతులు ఆ బురద నింపి, పైన అదే చెరువు నీళ్లు పోసి, వెలుతురు తగిలేచోట పెడతారు. ఆటోక్లేవ్ అక్కర్లేదు, బర్నర్ అక్కర్లేదు, చేతులు కడుక్కోవడం పని అయ్యాకే. రెండు వారాలు తిరిగేసరికి అడుగున నల్లటి మచ్చలు లేస్తాయి. అక్కడి బాక్టీరియా ఆక్సిజన్‌కు బదులు సల్ఫేట్‌తో కాలక్షేపం చేస్తూ హైడ్రోజన్ సల్ఫైడ్ వదులుతుంటే, అది బురదలోని ఇనుముతో కలిసి నల్లబారుతుంది. గదంతా కుళ్లిన గుడ్డు కంపు కొడుతుంది, అటెండర్ విసుక్కుంటాడు. ఇంకొన్ని వారాలకు ఆ నలుపు మీదుగా పచ్చని పట్టీ, దాని పైన ఊదారంగు పట్టీ తేలతాయి. ఇవి రెండూ వెలుతురుతో బతికేవే, కాకపోతే నీటికి బదులు గంధకపు వాయువును వాడుకుంటాయి. వాటికి పైన తుప్పు రంగు, అన్నిటికన్నా పైన నీళ్లలో మనకు తెలిసిన పాచి. ఎవరూ ఏదీ ఎక్కించలేదు. పైనుంచి ఆక్సిజన్ తగ్గుతూ, కిందినుంచి ఆ వాయువు పలచబడుతూ రావడంతో, ఎవరికి ఎక్కడ కుదిరితే వాళ్లు అక్కడ స్థిరపడ్డారు.

ఈ జాడీకి పేరిచ్చిన వినోగ్రాడ్‌స్కీ 1856లో కీవ్‌లో పుట్టాడు. సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో కొన్నాళ్లు పియానో నేర్చుకుని, అది వదిలి సూక్ష్మజీవుల్లో పడ్డాడు. గంధకపు ఊటల్లో పెరిగే బెజియటోవాను పరిశీలించి, ప్రాణికి శక్తి రావాలంటే తిండో ఎండో ఉండి తీరాలన్న నమ్మకాన్ని 1887లో కదిలించాడు. ఆ జీవి హైడ్రోజన్ సల్ఫైడ్‌ను ఆక్సీకరించి ఆ శక్తితోనే బతుకుతోందని చూపించాడు. అలాగే బైయెరింక్ 1901లో అజోటోబాక్టర్‌ను పట్టుకున్న తీరు చూడండి. ఫ్లాస్కులో మానిటాల్ వేశాడు, లవణాలు వేశాడు, నత్రజని సమ్మేళనం మాత్రం చుక్కయినా వేయలేదు. చిటికెడు తోటమట్టి చల్లి వదిలేశాడు. గాలిలోని నత్రజనిని పట్టుకోగలిగినదే అందులో బతికి బట్టకట్టాలి. లేని వస్తువుతో వేసిన వల అది.

రెండు సంప్రదాయాల పుట్టుకలోనే వాటి ప్రశ్నలు వేరుపడ్డాయి. కోచ్ జిల్లా వైద్యాధికారిగా పని మొదలుపెట్టినవాడు. అతని ముందు చచ్చిన గొర్రె ఉంది, దగ్గుతున్న రోగి ఉన్నాడు. కాబట్టి ఈ పని చేసిందెవరు అన్నదే అతని ప్రశ్న. బైయెరింక్ 1895లో డెల్ఫ్ట్ పాలిటెక్నిక్‌కు రాకముందు అదే ఊళ్లోని ఈస్టు, స్పిరిట్ కర్మాగారంలో పనిచేసినవాడు. కర్మాగారానికి కావలసింది పని జరగడం. కాబట్టి ఈ పని చేయగలిగేదెవరు అన్నది అతని ప్రశ్న. మొదటి ప్రశ్నకు ఒక్క పేరే జవాబు, రుజువులు కావాలి, పొరపాటుకు తావులేదు. కోచ్ పోస్టులేట్లు అందుకోసం పుట్టాయి. రెండో ప్రశ్నకు జవాబులు చాలా ఉండొచ్చు, అందరినీ రమ్మని పిలవాల్సిందే.

కాలుష్యం విషయంలో ఈ తేడా కొట్టొచ్చినట్టు కనబడుతుంది. ప్లేటు ముందు కూర్చున్న విద్యార్థికి మొదటి రోజే నిప్పులు కడిగే ఆచారం నేర్పుతారు. మీడియాను 15 పౌండ్ల ఒత్తిడి మీద 121 డిగ్రీల్లో 15 నిమిషాలు ఉంచాలి, బల్లను స్పిరిట్‌తో తుడవాలి, మాట్లాడుతూ ప్లేటు తెరవకూడదు. మర్నాడు స్ట్రీకింగ్ గీతకు అవతల మరో రంగు కాలనీ లేస్తే అది కంటామినేషన్, రికార్డులో వేసే బొమ్మకు పనికిరాదు. సీసా దగ్గర ఆ మాటకే చోటు లేదు. మొదలుపెట్టిందే కల్తీ సరుకుతో. అనుకోనిది పెరిగిందంటే, తెలియకుండానే మనం పెట్టిన షరతు ఏదో దానికి నచ్చిందన్న మాట. అప్పుడు చూడాల్సింది ఆ షరతు ఏమిటన్నదే. అయితే ఇందులో ప్లేటువాళ్లది చాదస్తమని, సీసావాళ్లది విశాల హృదయమని తీర్పు చెప్పడం అన్యాయం. రోగి రక్తం నుంచి తీసిన కల్చర్‌లో టెక్నీషియన్ చర్మం మీది స్టెఫిలోకాకస్ కలిస్తే తప్పు మందు ఇస్తారు. ఆ ఆచారానికి కారణం ఉంది.

కాలం విషయం కూడా ఇంతే. ప్లేటు ఇరవై నాలుగ్గంటల జీవి, సీసా నెలల జీవి అనుకోవడం మనకు అలవాటు. కానీ కోచ్ 1882 మార్చి 24న బెర్లిన్‌లో ప్రకటించిన క్షయ బాక్టీరియా రాత్రికి రాత్రి పెరిగింది కాదు. గడ్డకట్టించిన సీరం మీద వారాల తరబడి కాచుకుంటే దొరికింది. నూరేళ్ల తర్వాత ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో బారీ మార్షల్, రాబిన్ వారెన్‌లకు కడుపుపుండ్ల వెనకున్న హెలికోబాక్టర్ అందిందీ అలాంటి ఆలస్యం వల్లే. రెండు రోజులకే ప్లేట్లు పారేసే ఆనవాయితీకి 1982లో ఈస్టర్ సెలవులు అడ్డుపడ్డాయి, ఇంక్యుబేటర్‌లో ఐదు రోజులుండిపోయిన ప్లేటు మీద కాలనీలు లేచాయి. ఇద్దరికీ 2005లో నోబెల్ వచ్చింది. ఓపిక సీసావాళ్ల సొంత ఆస్తి కాదన్న మాట.

రెంటికీ మూలపురుషుడు ఒక్కడే కావడం నాకు ముచ్చటగా ఉంటుంది. బట్టల వ్యాపారి ల్యూవెన్‌హుక్‌దీ డెల్ఫ్టే. పళ్ల సందుల పాచిని సూదిమొనతో తీసి తన కటకం కింద పెట్టిన ల్యూవెన్‌హుక్‌ను ప్లేటు సంప్రదాయం తన పూర్వీకుడంటుంది. ఎందుకంటే మనిషి ఒంట్లో ఎవరున్నారో మొదట చూసింది అతనే. అదే మనిషి మిరియాలు నాలిక మీద ఎందుకు మండుతాయో తెలుసుకుందామని వాటిని నీళ్లలో నానబెట్టాడు. వాటికి ముళ్లేమైనా ఉన్నాయేమోనని ఆయన అనుమానం. ముళ్లు కనబడలేదు, నాని పులిసిన ఆ నీళ్లలో లెక్కలేనన్ని చిరుప్రాణులు కనబడ్డాయి. 1676 అక్టోబరు నాటి ఉత్తరంలో ఆ సంగతి రాయల్ సొసైటీకి రాశాడు. తెలిసి చేసినా తెలియక చేసినా అది ఎన్‌రిచ్‌మెంట్ కల్చరే, అంటే షరతులు పెట్టి వాటికి తగినవాళ్లను పెరగనివ్వడమే. సీసావాళ్ల వాదనా సబబే.

మన వంటింట్లో ఈ రెండు పద్ధతులూ పక్కపక్కనే నడుస్తున్నాయి. పెరుగుకు పాలు కాచి, గోరువెచ్చగా చల్లార్చి, నిన్నటి పెరుగు తోడు వేస్తాం. కాచడంతో పాలలో అంతకుముందు ఉన్నవాటిలో ఎక్కువ భాగం పోతాయి, తర్వాత మనకు కావలసినవాళ్లను మనమే దింపుతాం. ఇడ్లీపిండికి అయితే ఎవరూ తోడు వేయరు. మినప్పప్పు, బియ్యపు రవ్వ, నీళ్లు, ఉప్పు, వెచ్చటి రాత్రి. పప్పు మీదా రవ్వ మీదా వచ్చినవాళ్లలో ల్యూకోనాస్టాక్ లాంటివి ముందు అందుకుని, పుల్లబరిచి, గాలి ఊది పిండిని పొంగిస్తాయి. పులుపు పెరిగాక దాన్ని తట్టుకునేవి మిగులుతాయి. పెరుగు తోడు శుద్ధమైన కల్చర్ కాదని, అది నాలుగైదు రకాల గుంపని మైక్రోబయాలజీ లెక్చరర్ అడ్డు తగలొచ్చు. నిజమే. అయినా ముందున్నవాటిని చంపి తెలిసినదాన్ని ఎక్కించడమన్న పద్ధతి కోచ్‌దే. ఏమీ ఎక్కించకుండా షరతులు పెట్టి కూర్చోవడం డెల్ఫ్ట్‌ది. ఆంధ్ర, తెలంగాణల్లో ఈ సబ్జెక్టు తీసుకున్న ఏ పిల్లకైనా రెండో పద్ధతి ఇంట్లో తెలుసు, కాలేజీలో తెలియదు.

ఎవరి లోపాలు వాళ్లకున్నాయి. ప్లేటుకు లొంగనివాళ్ల జాబితా పెద్దది. హాన్సెన్ 1873లోనే చూసిన కుష్ఠు బాక్టీరియాను ఇప్పటికీ ఏ మీడియా మీదా పెంచలేకపోయారు, ఎలుక పాదాల్లోనో ఆర్మడిల్లో ఒంట్లోనో పెంచాల్సిందే. మట్టి నమూనాను మైక్రోస్కోపు కింద లెక్కపెడితే వచ్చే సంఖ్యకూ, అదే మట్టిని ప్లేటు మీద పోస్తే లేచే కాలనీల సంఖ్యకూ నూరు రెట్లు, అంతకు మించి తేడా వస్తుంది. స్టేలీ, కొనోప్కా 1985లో దీన్ని గ్రేట్ ప్లేట్ కౌంట్ అనామలీ అన్నారు. నేలలో అమ్మోనియాను నైట్రేట్ దారి పట్టించే బాక్టీరియా కోసం వెతికినప్పుడు వినోగ్రాడ్‌స్కీ చూపిన ఉపాయం ఈ విషయంలో భలే గడుసుది. అవి జెలటిన్ మీద పెరగవని అర్థమయ్యాక, జెలటిన్ ప్లేటు మీద ఏ కాలనీ లేని ఖాళీ జాగా నుంచి తీసి ఫ్లాస్కులో వేశాడు. పెరిగేవాళ్లంతా కాలనీలుగా బయటపడ్డారు గనుక, పెరగనివాళ్లు ఆ ఖాళీలోనే ఉండాలి. తర్వాత సేంద్రియ పదార్థం బొత్తిగా లేని సిలికా జెల్‌తో ప్లేటు చేసుకున్నాడు. కోచ్ ప్లేటును తప్పుపట్టి పారేయకుండా, దాని ఓటమినే పనిముట్టుగా వాడుకున్నాడు.

కాగా సీసాకు ఉన్న జబ్బు వేరు, దాని గురించి మన పుస్తకాలు తక్కువ చెబుతాయి. ఎన్‌రిచ్‌మెంట్‌లో గెలిచేది వేగంగా పెరిగేది. చెరువులో అసలు పని చేసేది నెమ్మదస్తుడై ఉండొచ్చు. ఫ్లాస్కులో తిండి కుమ్మరించగానే ఎగబడేది మరొకడు కావచ్చు. వినోగ్రాడ్‌స్కీయే పెద్దతనంలో, ప్యారిస్ పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్ తరఫున బ్రీ-కోంత్-రోబెర్‌లో పనిచేస్తున్న రోజుల్లో ఈ తేడాను పట్టించుకున్నాడు. తిండి పడ్డప్పుడు ఎగసిపడేవాళ్లు వేరు, మట్టిలో ఎప్పుడూ ఉండి నిదానంగా బతికేవాళ్లు వేరు అని విడదీశాడు. అదీగాక సీసా ఎవరినీ విడిగా నిలబెట్టి చూపదు. బైయెరింక్ 1888లో చిక్కుడు జాతి మొక్కల వేరుబుడిపెల నుంచి బాక్టీరియాను వేరుచేసినప్పుడు వాడింది కోచ్ నేర్పిన జెలటిన్ పద్ధతినే. కాకపోతే అందులో బఠానీ ఆకుల కషాయం కలిపాడు. మొక్కతో కాపురం చేసే ప్రాణికి మొక్క రుచి తగలాలన్నది డెల్ఫ్ట్ బుద్ధి, ఒంటరి కాలనీ కావాలన్నది బెర్లిన్ బుద్ధి. అనంతపురం వేరుశనగ చేలో మొక్క పీకి, వేరుకున్న బుడిపెను గోటితో చిదిమి లోపలి గులాబీ రంగు చూసి, ఆ రసాన్ని కాంగో రెడ్ కలిపిన మానిటాల్ ఆగర్ మీద గీసే విద్యార్థి చేస్తున్నది అదే పని, ఇద్దరు గురువులకూ దణ్ణం పెట్టాలి.

పుస్తకాలను పక్కపక్కన పెడితే స్వభావాలు ఇంకా తేలిగ్గా బయటపడతాయి. మెడికల్ కాలేజీల్లో తరాలుగా చదువుతున్న అనంతనారాయణ్, పణికర్‌ల పుస్తకం జీవి తర్వాత జీవిగా నడుస్తుంది. ఆకారం, కల్చర్ లక్షణాలు, జబ్బు, ల్యాబ్ నిర్ధారణ, మళ్లీ తర్వాతి జీవి. పేరు తెలిస్తే పేజీ దొరుకుతుంది. అర్ధరాత్రి డ్యూటీలో ఉన్న హౌస్‌సర్జన్‌కు కావలసింది కూడా అదే. అందుకు భిన్నంగా స్టానియర్, డౌడరాఫ్, అడెల్‌బర్గ్ 1957లో తెచ్చిన ‘ది మైక్రోబియల్ వరల్డ్’ బతుకుతెరువుల వెంట నడుస్తుంది. వెలుతురు తినేవి, గంధకం తినేవి, గాలి లేకుండా పులియబెట్టేవి. స్టానియర్ గురువు వాన్ నీల్. కాలిఫోర్నియా తీరంలో హాప్‌కిన్స్ మెరైన్ స్టేషన్‌లో ఆయన వేసవి కోర్సు నడిపేవాడు. వాన్ నీల్ గురువు క్లూయ్‌వర్, డెల్ఫ్ట్‌లో బైయెరింక్ పీఠం మీద కూర్చున్నవాడు. మొదటి పుస్తకం చదివినవాడికి విబ్రియో కలరే అంటే జబ్బు, బియ్యపు కడుగులాంటి విరేచనాలు. రెండో తరహాలో ఆలోచించేవాడికి అది ఉప్పునీటి కయ్యల్లో బతికే జీవి, మనిషి పేగు దానికి మధ్యలో తగిలిన మజిలీ. 1884 తొలినాళ్లలో కలకత్తాలో కలరా కామా బాక్టీరియాను పరిశీలించిన కోచ్ అక్కడి చెరువునూ పరీక్షించి నీళ్లలో దాన్ని పట్టుకున్నాడు. సీసావాళ్లు అడగాల్సిన ప్రశ్న దగ్గరకే వచ్చి, తన ప్రశ్నకు జవాబు దొరికిందని వెనక్కి వెళ్లిపోయాడు. నా అభిరుచి అడిగితే చదువుకోవడానికి రెండో పుస్తకం, పక్కన పెట్టుకోవడానికి మొదటిది.

ఇంతకూ మన ఫస్టియర్ ల్యాబ్‌లో ఈ రెండూ కలవవా అంటే, కలుస్తూనే ఉన్నాయి, ఎవరూ చెప్పరు అంతే. మెకాంకీ ఆగర్ తీసుకోండి. చూడ్డానికి ప్లేటే, కోచ్ వారసత్వమే. కానీ అందులో పైత్యలవణాలు వేశారు. పేగుల్లో పైత్యానికి అలవాటుపడినవాళ్లు నిలుస్తారు, మిగతావాళ్లలో చాలామంది ఆగిపోతారు. లాక్టోజ్‌ను పులియబెట్టేవి గులాబీ రంగు తేలతాయి, చేయలేనివి పాలిపోయి ఉంటాయి. అంటే పేగులోని షరతును తెచ్చి ప్లేటులో పోశారు. బైయెరింక్ ఫ్లాస్కులో చేసిందీ అదే.

అంతకన్నా తేటగా కనిపించేది నీటి పరీక్ష. కుళాయి నీళ్లో బోరు నీళ్లో తెచ్చి ఎంపీఎన్ చేయడం దాదాపు ప్రతి కాలేజీలోనూ ఉంది. లాక్టోజ్ ద్రవం ఉన్న గొట్టాల్లో 10, 1, 0.1 మిల్లీలీటర్ల చొప్పున నీళ్లు వేస్తారు. లోపల తలకిందులుగా పెట్టిన చిన్న డర్హమ్ ట్యూబులో గాలిబుడగ చేరితే అనుమానం నిలబడ్డట్టు. ఇది సీసా చేసే పని, పులియబెట్టగలిగేవాళ్లు రండి అని పిలవడం. అక్కడితో ఆగరు. బుడగ వచ్చిన గొట్టంలోంచి లూపుతో తీసి ఈఎంబీ ప్లేటు మీద గీస్తారు. మర్నాడు ఈ.కోలై ఉంటే కాలనీల మీద లోహంలా ఆకుపచ్చ మెరుపు వస్తుంది. ఇది ప్లేటు చేసే పని, వచ్చినవాళ్లలో ఫలానావాడెవరో నిలబెట్టి చూపించడం. ఆ కాలనీకి గ్రామ్ స్టెయిన్ వేసి, తిరిగి లాక్టోజ్ గొట్టంలోకి పంపుతారు. మళ్లీ సీసా. మున్సిపాలిటీ నీళ్లు తాగొచ్చా లేదా అన్న మామూలు ప్రశ్నకు బెర్లిన్, డెల్ఫ్ట్ రెండూ కావాల్సి వచ్చాయి.

మందుల చరిత్రలో ఈ కలయిక ఇంకా గట్టిగా కనబడుతుంది. రెనె డ్యూబో మట్టిలో సెల్యులోజ్ కుళ్లే తీరు మీద పనిచేసినవాడు, మట్టి సూక్ష్మజీవులను చదివిన వాక్స్‌మన్‌కు శిష్యుడు. న్యుమోనియా మీద పనిచేసే ఏవరీ ప్రయోగశాలలో చేరాడు. న్యుమోకాకస్ మూడో రకం చుట్టూ ఉండే చక్కెర తొడుగే దానికి కవచం. ప్రకృతిలో ఆ చక్కెర పేరుకుపోయి లేదు కాబట్టి దాన్ని తినేవాడు ఎక్కడో ఉండి తీరాలని డ్యూబో లెక్క. ఆ చక్కెర ఒక్కటే తిండిగా పెట్టిన ద్రవంలో బురదనేల మట్టి వేశాడు. న్యూజెర్సీ క్రాన్‌బెర్రీ మడి మట్టిలోంచి బాసిల్లస్ లేచింది, దాని ఎంజైమ్ ఆ తొడుగును కరిగించింది, 1930లో ప్రకటించారు. ప్రశ్న ఆసుపత్రిది, పద్ధతి చెరువుగట్టుది. అలాగే 1943లో వాక్స్‌మన్ ల్యాబ్‌లో ఆల్బర్ట్ షాట్జ్ మట్టిలోని స్ట్రెప్టోమైసిస్ నుంచి స్ట్రెప్టోమైసిన్ తీశాడు. కోచ్ పేరు పెట్టి చూపించిన క్షయకు మొదటి గట్టి దెబ్బ మట్టిని చదివినవాళ్ల చేతుల మీదుగా పడింది. నోబెల్ మాత్రం 1952లో వాక్స్‌మన్ ఒక్కడికే ఇచ్చారు, షాట్జ్ అంతకుముందే కోర్టుకెక్కాడు. భీమవరంలో పుట్టిన యెల్లాప్రగడ సుబ్బారావు పరిశోధన విభాగాన్ని నడిపిన మందుల కంపెనీ లెడర్లీలో బెంజమిన్ డగ్గర్ తీసిన ఆరియోమైసిన్ కూడా మిస్సోరి పొలం మట్టిలోని స్ట్రెప్టోమైసిస్‌దే. అది 1948లో బయటికొచ్చింది, అదే ఏడాది ఆగస్టులో సుబ్బారావు పోయారు.

మరి సీసా మన ప్రాక్టికల్స్‌లో ఎందుకు లేదు? సిద్ధాంతపరమైన కారణమేమీ కనబడదు. టైంటేబుల్ కారణం. వారానికో ప్రాక్టికల్, రెండు మూడు గంటల స్లాటు. ప్లేటు ఆ స్లాటులో ఇమిడిపోతుంది. ఇవాళ గీస్తే వచ్చే క్లాసుకు చూసి, బొమ్మ వేసి, సంతకం పెట్టించుకోవచ్చు. ఎక్స్‌టర్నల్ వచ్చినప్పుడు స్పాటర్‌గా పెట్టడానికీ ప్లేటు వీలు, ఈ.కోలై మెరుపు చూసి రెండు వాక్యాలు రాస్తే మార్కులు వేయొచ్చు. సీసాకు రెండు నెలలు కావాలి, పైగా ఏ రెండు సీసాలూ ఒకేలా రావు, మార్కులెలా వేయాలో ఎవరికీ తెలియదు. ఇంత చిన్న అడ్డంకికి ఇంత పెద్ద సంప్రదాయం షార్ట్ నోట్స్ పాలు కావడం నాకు సబబుగా తోచదు. సెమిస్టర్ మొదటి ప్రాక్టికల్‌లో, గ్లాస్‌వేర్ పేర్లు నేర్పే రోజునే, బ్యాచ్‌కొక జాడీ పెట్టిస్తే వేరే స్లాటు అక్కర్లేదు. స్ట్రీకింగ్ నేర్చుకునే వారానికి అడుగు నల్లబడి ఉంటుంది. ఎంపీఎన్ వచ్చేనాటికి పచ్చా ఊదా పొరలు తేలుతుంటాయి. అప్పుడు పిపెట్టుతో ఊదా పొర నుంచి చుక్క తీసి స్లైడు మీద పెట్టుకోమంటే, లోపల గంధకపు రేణువులు మెరుస్తూ ఈదే క్రొమేషియంలు చాలా సీసాల్లో దొరుకుతాయి. వాటిని విడదీయమని అడిగితే మాత్రం మళ్లీ ఆగర్ కరిగించాల్సిందే, అదీ గాలి తగలకుండా, మూత బిగించిన గొట్టంలో.